బీమా వారి కళ్లతో నా కారు

చచ్చిన బర్రె పగిలిన కుండెడు పాలిచ్చేదని సామెత. పోయినవాటిని పొగడటం మనబోటి మామూలు మనుషుల బలహీనత. ఆ బలహీనతను జయించిన స్థితప్రజ్ఞులు బీమా కంపెనీవారు. బర్రె పోయిందని కబురు అందగానే, అది అసలు పాలే ఇచ్చేది కాదని, కుండకు ముందు నుంచే చిల్లు ఉందని రిపోర్టు పంపుతారు.

నా కారును వెనక నుంచి లారీ గుద్దింది. నాకేమీ కాలేదు. ఆ పొద్దునే ట్యాంకు ఫుల్ చేయించానన్న బాధ తప్ప. నష్టం అంచనా కట్టే బీమా సర్వేయర్ వచ్చి, బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, ఫొటోలు తీసుకుని 'టోటల్ లాస్' అని తేల్చాడు. అంటే బాగుచేయించడం దండగ, బండి విలువ కట్టిచ్చేస్తారన్నమాట. నేను కొన్న ధర, దాని మీద నా మమకారం లెక్కలోకి రావు. నా పాలసీ ప్రకారం, గుద్దడానికి నిమిషం ముందు అది బజారులో ఎంత పలికేదో అంతే. న్యాయమే, ఒప్పుకున్నాను.

తీరా రిపోర్టు తెరిస్తే అందులో వేరే ఎవరిదో కారు ఉంది. నాది టాప్ మోడల్, రిపోర్టులో బేస్ మోడల్. నా మీటరు 64,000 కిలోమీటర్లు, అక్కడ 94,000. పోల్చడానికి మూడు బళ్లు తెచ్చారు. ఒకటి నా కారు కన్నా ఏడాది పాతది. ఇంకొకటి ఇంజన్ పని చేయించుకున్నది. మూడోది ఇదివరకే ఒకసారి నుజ్జయి, లేచి తిరుగుతున్న పుణ్యాత్మురాలు. పైగా 'బేరమాడితే తగ్గుతుంది' అని ఆ మూడింటి ధరల్లోనూ కొంత కోశారు. నా తరఫున వాళ్లే బేరమాడి, మిగిలింది వాళ్లే ఉంచుకున్నారు! వెనక సీటు మీద మరక ఉందని మరికొంత తగ్గించారు. ఫొటో పెద్దది చేసి చూశాను. అది సర్వేయర్ గారి నీడ.

ఫోన్ చేస్తే, "సిస్టమ్ అలా చూపిస్తోందండీ" అన్నారు. సిస్టమ్‌తో వాదించకూడదు, నైవేద్యం పెట్టాలి. కొన్ననాటి ఇన్‌వాయిస్, మీటరు రీడింగు ఉన్న సర్వీసు బిల్లులు, అదే మోడల్, అదే ఏడాది, అటూ ఇటూగా అన్నే కిలోమీటర్లు తిరిగిన ఐదు కార్ల అమ్మకం ప్రకటనలు తేదీలతో సహా మెయిల్లో పెట్టాను. ఫోన్లో చెప్పింది గాలికి పోతుంది కదా. నెల కిందట వేయించిన కొత్త టైర్ల బిల్లూ జతచేశాను. దానికి సిస్టమ్ ప్రసాదించింది కీచైన్ ఖరీదు. చివర్న ఒక విన్నపం రాశాను: "మీరు చెప్పిన ధరకు ఇలాంటి కారు ఎక్కడ దొరుకుతుందో చూపించండి, రేపే వెళ్లి కొనుక్కుంటాను."

పదకొండు రోజులు మౌనం. ఆలోపు యార్డులో బండికి పార్కింగ్ అద్దె రోజురోజుకూ పెరుగుతూ, వాళ్లిచ్చిందానికే ఒప్పుకుని సంతకం పెట్టేయమని నన్ను మెల్లగా నెడుతోంది.

సరే, ఆ తుక్కేదో నేనే ఉంచుకుంటానన్నాను. అలా ఉంచుకుంటే దాని విలువ మినహాయించి మిగతాది ఇస్తారు. అంతే, గొంతు మారిపోయింది. "ఇంజన్ కండిషన్‌లో ఉంది సార్, గేర్‌బాక్స్ బ్రహ్మాండం, ముందు డోర్లు చెక్కుచెదరలేదు!" బతికుండగా ఎందుకూ కొరగాని బండి తుక్కయ్యాక బంగారమైంది. చచ్చిన బర్రె వాళ్ల దగ్గర కూడా కుండెడు పాలిచ్చిందని నాకు భక్తి కలిగింది.

పాలసీ పుస్తకం తిరగేశాను. ఇవ్వాల్సిన డబ్బు ఎంతన్న దాని మీద తగువొస్తే చెరో విలువకర్తను పెట్టుకోవచ్చని, వాళ్లూ తేల్చకపోతే మధ్యవర్తి ఉంటాడని చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. ఈ సదుపాయం అన్ని పాలసీల్లో ఉండదు, మన వంతు ఖర్చూ మనదే. అయినా ఆ క్లాజు నంబరు రాసి పంపితే సిస్టమ్‌కు జ్ఞాపకశక్తి తిరిగొచ్చింది. టాప్ మోడల్ అయింది, 30,000 కిలోమీటర్లు వెనక్కి తిరిగాయి. నీడ మాత్రం మరకగానే ఉండిపోయింది.

కొత్త మొత్తంలోంచి ముందు బ్యాంకు తన బాకీ పట్టుకుంటుంది, మిగిలిందే నాకు. లెక్క కాగితం ఇంకా రాకుండానే 'పూర్తి, తుది పరిష్కారం' కాగితం వచ్చేసింది. ముందు లెక్క పంపమన్నాను. పంపారు. వరుసగా చదివి ఫోన్ చేశాను.

"అన్నీ ఉన్నాయి గానీ, ట్యాంకు నిండా పెట్రోలు ఉంది కదండీ, అదెక్కడ రాశారు?"

"అది తుక్కులోకి వస్తుంది సార్."