పక్కనే గ్యాస్ మండుతుంటే బాయిలర్‌కు కట్టెలా?

జూన్ వచ్చిందంటే చిత్తూరు ప్రాంతంలోని బంగారుపాళ్యం, దామలచెరువు వైపు తోతాపురి మామిడి ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు బారులు తీరతాయి. రేటు గురించి ఏటా రాస్తూనే ఉన్నాం, మళ్లీ రాస్తాం. ఈసారి ఆ గేటు దాటి కాస్త లోపలికి పోదాం. మేం చూసిన ఓ ఫ్యాక్టరీలో, పేరెందుకు లెండి, వెనకవైపు మురుగునీటి శుద్ధి ప్లాంటు దగ్గర సన్నటి గొట్టం మీద మంట మండుతోంది. పట్టపగలు కాబట్టి మంట కంటికి ఆనలేదు, వెనకున్న కొబ్బరిచెట్టు నీళ్లలో నీడలా వణుకుతుంటే అప్పుడు తెలిసింది. అక్కడికి నాలుగు అడుగుల దూరంలోనే ఇద్దరు కూలీలు చెమటలు కక్కుతూ బాయిలర్‌లోకి కట్టెలు తోస్తున్నారు. కట్టెలేమో కొన్నవి, గ్యాసేమో ఊరికే వచ్చింది. వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరగడమంటే ఇదే.

కాయలు కడిగిన నీళ్లు, డెయిరీల్లో పాల ట్యాంకులు కడిగిన నీళ్లు డైజెస్టర్ అనే గాలి తగలని మూత ట్యాంకులో మురిగితే బయోగ్యాస్ పుడుతుంది. అందులో దాదాపు 55 నుంచి 65 శాతం మీథేన్. వేడి లెక్కన చూస్తే ఓ 42 ఘనపు మీటర్ల బయోగ్యాస్, హోటళ్లలో వాడే 19 కిలోల సిలిండర్‌కు అటూఇటుగా సమానం. గంటకు 20 ఘనపు మీటర్లు తగలబెట్టే ప్లాంటు ఉందనుకోండి, రెండు గంటలకో సిలిండర్ గాల్లో కలిసినట్టే. తిరుపతిలో టిఫిన్ సెంటర్ నడిపే ఏ అన్ననైనా అడగండి, ఒక సిలిండర్ అంటే ఎంత టెన్షనో చెప్తాడు.

ఇది మన జిల్లాల జబ్బు మాత్రమే కాదు. ప్రపంచ బ్యాంకు లెక్క ప్రకారం 2023లో చమురు, గ్యాస్ బావుల దగ్గర తగలబెట్టిన గ్యాస్ దాదాపు 14,800 కోట్ల ఘనపు మీటర్లు. రోజువారీగా ఇలా మండించడం 2030 కల్లా ఆపేయాలని 2015లోనే ఒక ఒప్పందం మొదలుపెట్టారు, అది ఎంతవరకు వచ్చిందో ఆ అంకే చెబుతోంది. అయినా రిఫైనరీల వాళ్లు ఈ గ్యాస్‌ను పట్టుకునే పద్ధతి ఎప్పుడో నేర్చారు, మనం తెలుసుకోవాల్సింది అదే. ఫ్లేర్‌కు, అంటే మిగులు గ్యాస్‌ను తగలబెట్టే మంటకు పోయే గొట్టంలో నీటి సీల్, అంటే నీళ్ల అడ్డు పెడతారు. మామూలు రోజుల్లో గ్యాస్ ఆ నీళ్లను దాటలేక పక్కనున్న కంప్రెసర్‌లోకి పోయి, గంధకం వదిలించుకుని, కొలిమిలో ఇంధనమవుతుంది. ఏదైనా తేడా వచ్చి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగితే, ఎవరూ వాల్వు తిప్పక్కర్లేదు, గ్యాస్ నీళ్లను నెట్టుకుని తానే మంట దగ్గరికి పోతుంది. అందుకే కంప్రెసర్‌ను ప్రమాదం రోజు వచ్చే వరదకు కాదు, రోజూ వచ్చే ధారకు సరిపోయేలా ఎంచుకుంటారు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు, పెద్ద మిషన్ కొంటారు, అది సగం రోజులు ఆగే ఉంటుంది.

అలాగని ఫ్లేర్ పీకేయమని మేం అనడం లేదు, ఆ పని అస్సలు చేయకండి. మంట ఆరిపోయి గ్యాస్ ఊరికే బయటకు పోతుంటే అది ఇంకా చేటు, ఎందుకంటే వందేళ్ల లెక్కన భూమిని వేడెక్కించడంలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే 25 రెట్ల పైమాటే. గ్యాస్‌ను లాగి బర్నర్‌కు పంపే బ్లోయర్‌ను అతిగా నడిపించినా ముప్పే. సందుల్లోంచి గాలి లోపలికొచ్చి, మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్యకు చేరితే పేలడానికి చిన్న నిప్పురవ్వ చాలు. ఒత్తిడి తగ్గగానే బ్లోయర్ దానంతటదే ఆగే ఏర్పాటు, మంట వెనక్కి పాకకుండా ఫ్లేమ్ అరెస్టర్ లేకుండా ఈ పనికి దిగొద్దు. కుళ్లిన కోడిగుడ్డు వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే గంధకపు వాయువును ముందే తీసేయకపోతే గొట్టాలు, బర్నర్ తుప్పుపట్టి పోతాయి.

గుజ్జు ఫ్యాక్టరీల యజమానులు సీజన్ రెండు నెలలే కదా అంటారు. అదీ నిజమే, రెండు నెలల గ్యాస్ కోసం భారీ కంప్రెసర్ పెట్టమంటే మేమూ ఒప్పుకోం. కానీ వాళ్లకు అంత అక్కర్లేదు. గ్యాస్ నిలవకు ఒక బెలూన్, గంధకాన్ని వదిలించే ఒక స్క్రబ్బర్, చిన్న బ్లోయర్, బాయిలర్‌కు కట్టెలతో పాటు గ్యాస్ కూడా మండించే బర్నర్ ఉంటే పని జరుగుతుంది. డెయిరీలకు ఏడాది పొడవునా గ్యాస్ వస్తుంది కాబట్టి వాళ్లకు ఈ సాకు కూడా లేదు.

మేం వెళ్లిన ఫ్యాక్టరీలో ఆపరేటర్‌ను రోజుకు ఎంత గ్యాస్ మండుతుందన్నా అని అడిగితే, తలెత్తి మంట వైపు చూసి "బాగానే వస్తాది సార్" అన్నాడు. అతని తప్పేం లేదు, ఆ గొట్టానికి మీటరే లేదు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పత్రాల్లో ఫ్లేర్ గొట్టానికి మీటర్, రోజువారీ రిజిస్టర్ ఉండాలని ఒక్క షరతు చేరిస్తే చాలు, మిగతాది కట్టెల బిల్లు పక్కన పెట్టుకుని యజమానులే లెక్కేసుకుంటారు. వచ్చే జూన్‌లో ట్రాక్టర్లు మళ్లీ బారులు తీరేలోగా ఈ పని అయిపోవాలి.