పైపులు మా పక్కనుంచే, బిందెలు మాత్రం ఖాళీ

అక్కంపల్లి రిజర్వాయర్ మా నల్లగొండ జిల్లాల్నే ఉంది. పుట్టంగండి కాడ సాగర్ నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు దీంట్లకే వస్తయి. కోదండాపూర్‌ల శుద్ధి చేసి హైదరాబాద్‌కు పంపుతరు. 2004 నుంచి ఇదే నడుస్తున్నది. పట్నమోళ్లు తాగొద్దని నేనెందుకంట? మా తమ్ముడు గూడ ఆడ్నే ఉంటడు.

కానీ ఆ పెద్ద పైపులు పోయే తొవ్వ పక్కనే ఉండి, పొద్దుగాల్నే నల్లా కాడ బిందెలు వరుసపెట్టి కూసునుడు ఏంది? నీళ్లు ఎప్పుడొస్తయో ఎవ్వరూ చెప్పరు. వచ్చినా ముందు బుస్సుమని గాలి, తర్వాత ఎర్రటి నీళ్లు, అవి తేటబడి బిందె సగం నిండంగనే బంద్. అడిగితే "మోటర్ కాలింది" అంటరు. వాల్వు లీకై రోడ్డు పొంట పారే నీళ్లను మాత్రం పట్టించుకునేటోడు లేడు. కడుపు మండిపోతది చూస్తుంటే!

మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లకు నడుములు వంగిన మనుషులు ఇంకా మా కండ్ల ముందే తిరుగుతుండ్రు. నల్లా రాకపోతే బోరు నీళ్లు తాగుండ్రని మాకెట్ల చెప్తరు? నీళ్లిడిసే టైం రాసి గోడకు అంటియ్యుండ్రి. ఇడిసిన నాడు గంటసేపన్న ఇడువుండ్రి.