రొయ్యకున్న భాగ్యం

మా మేనల్లుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. ఈ సంక్రాంతికి భీమవరం స్టేషన్‌లో దిగిన దగ్గర్నుంచి ఒకటే సణుగుడు. "మావయ్యా, మీ ఊళ్ళో నైట్ లైఫ్ లేదు. ఎనిమిదింటికల్లా తలుపులేసేస్తారు."

ఊరి పరువు విషయం. ఊరుకుంటే ఎలా? భోగి ముందు రాత్రి రెండింటికి వాణ్ణి లేపి, మంకీ క్యాప్ తొడిగి, కాళ్ల మండలంలో నేను లీజుకి చేస్తున్న రొయ్యల చెరువు గట్టు మీదికి తీసుకెళ్ళాను.

నైట్ లైఫంటే ఏం కావాలి? లైట్లు, మోత, నిద్రపోని జనం. అన్నీ ఉన్నాయి. చెరువులోకి గాలి కలిపే ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతూ హోరెత్తిస్తున్నాయి. లైటు చుట్టూ పురుగులు డ్యాన్సు. కాపలా కుర్రాడు చెక్ ట్రే పైకి లాగి టార్చి వేస్తే రొయ్యల కళ్ళు నిప్పుకణికల్లా మెరిశాయి. మేత అయిపోయిందో లేదో చూసి మళ్ళీ దించాడు. ఎంట్రీ ఫీజు లేదు. "నైట్ లైఫ్ ఎలా ఉందిరా?" అని మావాణ్ణి అడిగితే, "దోమలండి, ఆయ్" అన్నాడు.

ఈ జాగారం ఎందుకంటే, పగలు ఎండకి ఆక్సిజన్ ఇచ్చే ఆల్గేనే, అంటే నీళ్ళలోని నాచే, రాత్రి రొయ్యలతో పోటీపడి పీల్చేస్తుంది. తెల్లవారుజాముకి డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోతుంది. ఏరియేటర్ ఆగితే రొయ్యలు పైకి తేలతాయి, మేం మునుగుతాం.

మావాడి జాగారం ఇంకో రకం. వాడి డ్యూటీ అమెరికా వాళ్ళ వేళల్లో. చలికాలంలో న్యూయార్క్‌లో పొద్దున్న 9 అయ్యేసరికి మనకి రాత్రి 7:30. వాళ్ళు సాయంత్రం 5కి సంచి సర్దుకుంటే ఇక్కడ తెల్లవారుజామున 3:30. హైదరాబాద్‌లో బార్లేమో వారాంతాల్లో కూడా ఒంటిగంటకే మూసేస్తారట. పబ్బులకి దగ్గరని అద్దె ఎక్కువిచ్చి గచ్చిబౌలిలో ఉంటున్నాడు గానీ, వాడు బయటపడేసరికి అక్కడ మిగిలేది గేటు దగ్గర సెక్యూరిటీ వాడూ కుక్కలూ. శనివారం ఖాళీ కదా అంటే, శనివారం నిద్రపోతాడట.

నాకు ఆ క్షణంలో రొయ్య మీద గౌరవం కలిగింది. మేత వేళకి అందుతుంది. గాలి ఆడుతోందా లేదా అని రాత్రంతా ఒక మనిషి కాపలా. వనామీ రకం రొయ్య అయితే చదరపు మీటరుకి 60కి మించి వెయ్యకూడదని చెన్నైలో కూర్చున్న కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నిబంధన కూడా పెట్టింది. వాడు మొదట్లో ఉన్న హాస్టల్లో గదికి ఇంతమందేనని ఏ అథారిటీ బోర్డూ కనపడలేదట. రొయ్యకి రాష్ట్ర ప్రభుత్వం యూనిట్ రూపాయిన్నరకి కరెంటు ప్రకటించింది. వాడి ఫ్లాటులో కరెంటు బిల్లు పైన జనరేటర్ బిల్లు వేరే.

అయినా ఇద్దరిదీ ఒకటే మార్కెట్. రొయ్యా అమెరికాకే, వాడి రాత్రిళ్ళూ అమెరికాకే. 2025 ఆగస్టులో ఆ దేశం మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచింది, మాకు గుండె జారింది. సెప్టెంబరులో కొత్త హెచ్-1బీకి వీసాకి లక్ష డాలర్లంది, సాఫ్ట్‌వేర్ వాళ్ళకి జారింది. తేడా ఒక్కటే. రొయ్యని చెరువులోంచి ఎప్పుడు పట్టుబడి చేయాలో కౌంట్ (కిలోకి ఎన్ని తూగుతాయో) చూసి నేను నిర్ణయిస్తాను. వాణ్ణి ఎప్పుడు పట్టుబడి చేస్తారో వాడికి తెలీదు. ఒకరోజు పొద్దున్న లాగిన్ అవ్వదు, అంతే.

మూడింటికి వాడి ఫోను మోగింది. పండగ సెలవులోనే ఉన్నాడు, కానీ ఆ సంగతి కంప్యూటర్‌కి మాత్రమే చెప్పినట్టున్నాడు. గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ అరగంట మాట్లాడాడు. అవతలివాళ్ళు ఆ హోరేమిటని అడిగారు కాబోలు, "కొంచెం పార్టీలో ఉన్నాం" అని ఇంగ్లీషులో సర్దిచెప్పాడు. కుర్రాడు చెవి దగ్గర దోమని కొట్టుకున్నాడు.

మావాడు ఫోను పెట్టేసి, గట్టు మీది కాపలా మకాం లోపలికి తొంగిచూశాడు. నులకమంచం, ప్లగ్ పాయింటు, సిగ్నలు. "మావయ్యా, ఇది అద్దెకి ఇస్తారా?"

మేనల్లుడే. కానీ నేనూ లీజు కట్టేవాణ్ణే. పది నెలల అడ్వాన్సు చెప్పాను. చుట్టూ నీళ్ళు కదా, మెయింటెనెన్స్ వేరే అన్నాను.