రిజిస్ట్రేషన్, నాలా ఉంటే ఇల్లు కట్టేసుకోవచ్చన్న మెసేజ్ నమ్మకండి

హైదరాబాద్ చుట్టుపక్కల ప్లాటు కొనేవాళ్ల మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. స్థలం మీ పేరున రిజిస్టరై, నాలా కన్వర్షన్ (వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చడం) కూడా ఉంటే ఇల్లు కట్టడానికి అడ్డే లేదట. 75 గజాల్లోపైతే ఎవరినీ అడగక్కర్లేదట, ఇంటి నంబరు, కరెంటు మీటరు వచ్చాక కూల్చలేరట, ఏమైనా మిగిలితే తర్వాత రెగ్యులరైజ్ చేయించుకోవచ్చట. ఇది నమ్మి పదేళ్ల పొదుపంతా అడ్వాన్సుగా ఇచ్చేవాళ్లున్నారు. అందుకే ఒక్కో మాటా తీసుకుని చెప్తాను.

ముందు రిజిస్ట్రేషన్. సేల్ డీడ్ చెప్పేది స్థలం ఎవరు ఎవరికి అమ్మారన్నదే. అందులో ఏం కట్టొచ్చో చెప్పేది మాస్టర్ ప్లాన్, అంటే ఏ భూమిని దేనికి వాడాలో జోన్లుగా విడగొట్టి చూపే ప్రభుత్వ ప్రణాళిక. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో ఉందా అని సబ్ రిజిస్ట్రార్ చూస్తారు గానీ, అది ఏ జోన్‌లో పడిందో తేల్చడం ఆయన పని కాదు.

అసలు చిక్కంతా నాలా దగ్గరే. నాలా అంటే 2006 చట్టం కింద రెవెన్యూ రికార్డుల్లో వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చడం, అంతే. 2013లో నోటిఫై అయిన హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) 2031 మాస్టర్ ప్లాన్‌లో ఆ భూమి కన్జర్వేషన్ జోన్ (వ్యవసాయం, పచ్చదనం కోసం ఉంచిన ప్రాంతం) అని ఉంటే, చేతిలో నాలా ప్రొసీడింగ్స్ ఉన్నా అది కన్జర్వేషన్ జోనే, అక్కడ మామూలు ఇళ్ల లేఅవుట్‌కి అనుమతి రాదు. జోన్ మారాలంటే చేంజ్ ఆఫ్ ల్యాండ్ యూజ్ కావాలి, దానికి వేరే దరఖాస్తు, వేరే ఫీజు, ప్రభుత్వ ఉత్తర్వు. అమ్మేవాళ్లు "కన్వర్షన్ అయిపోయింది సార్" అని ఊరుకుంటారు, ఏ కన్వర్షనో మీరే అడగాలి. ఇంకోటి, ఒకే సర్వే నంబరు రెండు జోన్లలో పడొచ్చు. ముందు భాగం రెసిడెన్షియల్, వెనక భాగం కన్జర్వేషన్, మధ్యలోంచి మాస్టర్ ప్లాన్ రోడ్డు గీత కూడా పోతూ ఉండొచ్చు, కాబట్టి పక్క ప్లాటువాళ్లకి పర్మిషన్ వచ్చిందన్నది మీ ప్లాటుకి రుజువు కాదు.

75 గజాల మాటలో సగం నిజముంది, అదే ప్రమాదం. తెలంగాణలో భవన అనుమతుల కోసం తెచ్చిన 2020 బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల్లోపు స్థలంలో గ్రౌండ్ ప్లస్ వన్ దాకా అనుమతి అక్కర్లేదు. కానీ ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసి రూల్స్ ప్రకారమే కడుతున్నామని స్వీయ ధ్రువీకరణ ఇవ్వాలి, అది తప్పని తేలితే నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చొచ్చు. మినహాయింపు అనుమతికే గానీ, చెరువు పక్కన వదలాల్సిన ఖాళీకి కాదు. 2012 బిల్డింగ్ రూల్స్ ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకి ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే గీత. ఎండాకాలంలో వెళ్లి, నెర్రెలిచ్చిన నేల చూసి "ఇక్కడ నీళ్లెక్కడివి" అనుకుంటే మోసపోతారు.

ఇంటి నంబరు సంగతి చిన్నదే. అనుమతి లేని కట్టడానికీ పన్ను వేస్తారు, జీహెచ్‌ఎంసీ చట్టంలో ఆ పన్ను మీద 100 శాతం దాకా పెనాల్టీ కూడా ఉంది. పన్ను కట్టించుకున్నంత మాత్రాన కట్టడం సక్రమమైపోదు. కరెంటు మీటరైనా అంతే. మీరట్‌కి చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2024 డిసెంబర్‌లో సూటిగా చెప్పింది: అధికారులు ఆలస్యం చేశారనో, చాలా డబ్బు పెట్టామనో చెప్పి అక్రమ కట్టడాన్ని సక్రమం చేసుకోలేరు. కరెంటు, నీళ్ల కనెక్షన్లు, బ్యాంకు లోన్లు కూడా కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (అనుమతి ప్రకారమే కట్టారని అధికారులిచ్చే పత్రం) చూశాకే ఇవ్వాలంది.

ఇక రెగ్యులరైజేషన్. 2020 ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్లని క్రమబద్ధీకరించే పథకం) ఆ ఏడాది ఆగస్టు 26 కంటే ముందు రిజిస్టరైన ప్లాట్లకి పెట్టింది, అందులోనూ చెరువు ఎఫ్‌టీఎల్‌లో ఉన్నవాటికి దారి లేదు. రేపు ఇంకో పథకం వస్తుందని చెప్పి ఈ రోజు ప్లాటు అమ్మే మనిషి, అది రాకపోతే మీ ఫోన్ ఎత్తడు.

కొనాలనుకుంటే అడ్వాన్సుకి ముందే ఆ సర్వే నంబరుకి హెచ్‌ఎండీఏ నుంచి ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ తీసుకోండి. చుట్టుపక్కల చెరువుల ఎఫ్‌టీఎల్ మ్యాపులు చూడండి. లేఅవుట్‌కి ఫైనల్ అప్రూవల్ నంబరు అడిగి, అది నిజమో కాదో హెచ్‌ఎండీఏ ఆఫీసులోనే సరిచూసుకోండి. అమ్మేవాళ్లు ఇచ్చిన జిరాక్సుతో సరిపెట్టుకోకండి.