‘20 బార్ మెషిన్ ఒక్కటి చాలు’ అన్న మెసేజ్ చూసి అడ్వాన్స్ కట్టేయకండి

భీమవరం, పాలకొల్లు, అమలాపురం చుట్టుపక్కల కాఫీ షాపు పెడదామనుకునే కుర్రాళ్ల ఫోన్లలో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: ‘20 బార్ ప్రెషర్ ఉన్న ఎస్ప్రెసో మెషిన్ తీసుకోండి, బార్ ఎంత ఎక్కువైతే కాఫీ అంత చిక్కగా వస్తుంది. ఒక గ్రూప్ (కాఫీ దిగే తల) చాలు, గంటకు 120 కప్పులు తీస్తుంది, రెండు గ్రూపులది దండగ. ఆర్‌వో నీళ్లు పోస్తే పదేళ్లు దాని జోలికి వెళ్లక్కర్లేదు. మామూలు ప్లగ్ చాలు. గ్రైండర్ ఏదైనా ఒకటే.’ ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి మరీ షాపు పెట్టేవాళ్లు ఇది నమ్మి కొటేషన్లు తెప్పించుకుంటున్నారు. రద్దీగా నడిచే షాపుకి ఇందులో ఒక్క ముక్క కూడా పనికిరాదు.

ముందు ఆ 20 బార్ సంగతి. బార్ అంటే ఒత్తిడి కొలత. ఎస్ప్రెసో అంటే సన్నటి కాఫీ పొడిలోంచి వేడి నీళ్లని ఒత్తిడితో తోసి తీసే చిక్కటి కాఫీ, అది దిగేది సుమారు 9 బార్ దగ్గర. 1948లో ఇటలీలో గజ్జా లీవర్ మెషిన్ వచ్చాకే కాఫీ మీద ఆ బంగారు రంగు నురగ కనిపించింది, 1961లో ఫేమా ఈ61 కరెంటు పంపుతో అదే 9 బార్‌ని నిలకడగా ఇచ్చింది, ఇప్పటికీ పెద్ద మెషిన్లలో పంపుని అక్కడే సెట్ చేస్తారు. డబ్బా మీద 15, 20 అని రాసేది చిన్న పంపు నీళ్లు కదలకుండా ఆపినప్పుడు చూపించగల గరిష్ఠం. నిజంగా అంత ఒత్తిడి పొడి మీద పడితే కాఫీ చిక్కబడదు, పొడి గట్టిగా నొక్కుకుపోయి ఎక్కడో ఒక పక్క బీటలిచ్చి నీళ్లు అందులోంచే జారిపోతాయి. పెళ్లిళ్లలో ‘ఎస్ప్రెసో’ పేరుతో పెట్టే మెషిన్ చూసి కూడా కొందరు పొరపడుతున్నారు. అది గ్లాసులో ఇన్‌స్టంట్ పొడి, పంచదార, పాలు వేసి ఆవిరి కొట్టే బాయిలర్. దాని పని అది బాగానే చేస్తుంది గానీ మనం మాట్లాడే ఎస్ప్రెసో మెషిన్ వేరే వస్తువు.

గంటకు 120 కప్పులంటే కప్పుకి 30 సెకన్లు. షాట్ (ఒకసారి తీసే ఎస్ప్రెసో) దిగడానికే 25 నుంచి 30 సెకన్లు పడుతుంది. మరి పాత పొడి కొట్టేయడం, బుట్ట (పొడి నింపే చిల్లుల గిన్నె) తుడవడం, 18 గ్రాములు నింపడం, నొక్కడం, హ్యాండిల్ బిగించడం ఎప్పుడు చేస్తారు? చెయ్యి తిరిగిన మనిషికి కూడా ఒక గ్రూప్ మీద షాటుకి నిమిషం పడుతుంది. ఒక్కో షాటుని రెండు కప్పులకు పంచితే లెక్క కాగితం మీద సరిపోతుందేమో గానీ, అసలు ఇబ్బంది పాల దగ్గర వస్తుంది, దాని గురించి ఆ మెసేజ్‌లో ఒక్క మాట లేదు.

మన దగ్గర బ్లాక్ ఎస్ప్రెసో తాగేవాళ్లు ఎంతమంది? అడిగేది కాపుచినో, లాటే, అదీ ‘వేడిగా ఇవ్వండి’ అని. ఫ్రిజ్‌లోంచి తీసిన 150 మిల్లీలీటర్ల పాలను 4 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు 20 సెకన్లలో తేవాలంటే ఆ 20 సెకన్లూ దాదాపు 1700 వాట్ల వేడి పాలలోకి దిగాలి. అది ఒక్క కప్పుకే. సంక్రాంతికి ఊరంతా పండక్కి దిగినప్పుడు సాయంత్రం పది మంది ఒకేసారి కౌంటర్ దగ్గర నిలబడతారు. చిన్న బాయిలర్ మెషిన్ మూడో జగ్గుకే నీరసపడుతుంది, స్టీమ్ గేజ్ ముల్లు పడిపోతుంది, ఆవిరికి బదులు తడి గాలి వస్తుంది, పాలు వేడెక్కకుండా నీళ్లవుతాయి, నురగ పెద్ద పెద్ద బుడగలై విరిగిపోతుంది. రెండు గ్రూపుల మెషిన్‌లో మీరు డబ్బు పెట్టేది ప్రధానంగా ఆ పెద్ద బాయిలర్ మీద, రెండో స్టీమ్ పైపు మీద. అందుకే కొనేముందు డీలర్‌ని డెమోలో వరసగా ఆరు జగ్గుల పాలకు ఆవిరి కొట్టి చూపించమనండి, ఆరోది కొట్టేటప్పుడు గేజ్ ఎక్కడుందో చూడండి.

ఇక నీళ్లు. డెల్టాలో మెషిన్లని చంపేది ఇదే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. సముద్రం వైపు చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పు. మునిసిపల్ నీళ్లు కాలువ నడిచినన్నాళ్లు బాగుంటాయి, ఎండాకాలం కాలువలు కట్టేశాక చెరువులో నిల్వ చేసిన నీళ్లు వస్తాయి, చాలకపోతే బోరో ట్యాంకరో. అంటే ఒకే కుళాయి కింద నీళ్ల గుణం ఏడాదిలో మారిపోతుంది. తాగడానికి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క, లీటరుకి మిల్లీగ్రాముల్లో) 500 దాకా సరే అంటాయి మన బీఐఎస్ ప్రమాణాలు. కాఫీకి మాత్రం 150 దగ్గర, అటూ ఇటూగా 75 నుంచి 250 మధ్య ఉండాలని స్పెషాల్టీ కాఫీ వాళ్లు చెబుతారు. సున్నం ఎక్కువున్న నీళ్లు పోస్తే హీటింగ్ ఎలిమెంట్ మీద పెంకులా తెల్లగా కట్టేస్తుంది, సన్నటి జెట్లు మూసుకుపోతాయి.

సరే, ఆర్‌వో ఉందిగా అంటారు. ఉప్పు నీళ్ల ఊళ్లో ఆర్‌వో తప్పదు, ఒప్పుకుంటాను. కానీ ఉత్త ఆర్‌వో నీళ్లు వేరే తంటా తెస్తాయి. బాయిలర్‌లో నీటిమట్టం చూసే కడ్డీ నీళ్లలోంచి కరెంటు పారితేనే నీళ్లున్నాయని గుర్తిస్తుంది. లవణాలు మరీ తక్కువైతే అది గుర్తించదు, వాల్వు తెరుచుకునే ఉంటుంది, బాయిలర్ నిండిపోయి స్టీమ్ పైపులోంచి నీళ్లు కారతాయి. అలాంటి నీళ్లు లోహాన్ని కూడా తినేస్తాయి, కాఫీ చప్పగా దిగుతుంది. సాఫ్ట్‌నర్ పెడితే సున్నం ఆగుతుంది గానీ అది కాల్షియం తీసి సోడియం ఇస్తుంది, క్లోరైడ్‌ని ముట్టుకోదు. ఉప్పు నీళ్లలోని ఆ క్లోరైడే స్టీలు బాయిలర్‌కి చిల్లులు పెడుతుంది. కాబట్టి ఆర్‌వో పెట్టి, కొంచెం మామూలు నీళ్లు కలిపే వాల్వో, ఖనిజాలు చేర్చే కార్ట్రిడ్జో దాని వెనక పెట్టించండి. టీడీఎస్ మీటరు కౌంటర్‌లోనే ఉంచుకోండి, కాలువ కట్టేసిన వారం, మళ్లీ వదిలిన వారం తప్పకుండా చూడండి. క్లోరైడ్ ఆ మీటరులో విడిగా తెలియదు, ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి.

మామూలు ప్లగ్ మాట ప్రమాదకరం. 16 ఆంప్స్ సాకెట్ తట్టుకునేది 230 వోల్టుల దగ్గర 3680 వాట్లు. రెండు గ్రూపుల మెషిన్లు చాలావరకు 3 నుంచి 4.5 కిలోవాట్లు తీసుకుంటాయి, అదీ గంటల తరబడి. వేరే లైను, వేరే ఎంసీబీ, సరైన ఎర్తింగ్ ఉండాలి, మీటరు లోడు ముందే పెంచుకోవాలి. జనరేటర్ కొనేటప్పుడూ ఇదే లెక్క: 5 కేవీఏది మెషిన్ ఒక్కదానికే అయిపోతుంది, ఏసీ కూడా నడుస్తుందనుకోకండి.

గ్రైండర్ ఏదైనా ఒకటే అన్నవాళ్లు ముసురు రోజున షాట్ తీసి చూడలేదనుకుంటాను. గాలిలో తేమ మారితే నిన్న 28 సెకన్లలో దిగిన షాట్ ఇవాళ అలా దిగదు, మర సన్నగానో బరకగానో జరుపుకోవాలి. ఆ జరపడం కొద్దికొద్దిగా కుదిరే బర్ గ్రైండర్ (రెండు పళ్ల చక్రాల మధ్య గింజని నలిపేది) కావాలి. బ్లేడుది పొడిని సగం పిండి, సగం రవ్వ చేస్తుంది. బడ్జెట్ చాలకపోతే మెషిన్‌లో ఒక మెట్టు దిగండి, గ్రైండర్‌లో దిగకండి.

పదేళ్లు చూడక్కర్లేదన్నదానికి జవాబు చిన్నదే. రోజూ రాత్రి మూత బుట్ట (చిల్లుల్లేని బుట్ట) పెట్టి గ్రూప్ కడగాలి, ప్రతి జగ్గుకీ స్టీమ్ పైపు తుడిచి ఊదాలి, గ్రూప్ రబ్బరు గట్టిపడగానే మార్చాలి. ఎలిమెంట్ పోతే మెకానిక్ ఏ ఊరి నుంచి, ఎన్ని రోజుల్లో వస్తాడన్నది మెషిన్ బ్రాండ్ కంటే ముందు అడగాలి. హైదరాబాద్ నుంచి రావాలంటే ఆ రోజుల వ్యాపారం పోయినట్టే. రబ్బర్లు, షవర్ జాలీ (పొడి మీద నీళ్లు చల్లే జల్లెడ), సోలినాయిడ్ వాల్వు (కరెంటుతో తెరుచుకునేది), నీటిమట్టం చూసే కడ్డీ, ఒక ఎలిమెంట్ మెషిన్‌తో పాటే ఇవ్వమనండి, ఎన్ని గంటల్లో మనిషిని పంపుతారో కొటేషన్‌లోనే రాయించుకోండి. రాయడం కుదరదంటే ఆ డీలర్ దగ్గర కొనకండి.