నిదానానికి 600 గుర్రాలు

సూపర్ కారు వేసుకుని యూరప్ చుట్టివచ్చే వారి మీద మన సమాజంలో ఒక చెడ్డ అపోహ పాతుకుపోయి ఉంది. వారు వేగం కోసం వెళతారని, డబ్బు ఎక్కువై వెళతారని, కొండదారుల్లో గొర్రెలను బెదరగొట్టడానికి వెళతారని జనం చెప్పుకుంటారు. కిందటి వేసవిలో లండన్‌లో ఉంటున్న మా బావగారి పక్క సీట్లో కూర్చుని మొనాకో దాకా పోయివచ్చిన మనిషిగా ఈ అపోహను ఖండించవలసిన బాధ్యత నా మీద ఉన్నది. నిదానమే ప్రధానమన్న పెద్దల మాటను ఆ ఖండంలో నేడు అక్షరాలా ఆచరిస్తున్నవారు 600 అశ్వశక్తి బండ్లు నడిపేవారే. ఎడ్లబండి తోలేవాడికి ఆ పుణ్యం దక్కదు, ఎందుకంటే దూకగల శక్తి ఉన్నవాడు మెల్లగా నడిస్తేనే అది నిగ్రహం అనిపించుకుంటుంది.

బావగారు కారును 8 రోజులకు అద్దెకు తీసుకున్నారు. అద్దె ఎంతో అక్కయ్యకు ఇప్పటికీ తెలియదు కనుక ఇక్కడ రాయను. రోజుకు ఇన్ని కిలోమీటర్లు దాటరాదని, దాటితే కిలోమీటరుకు ఇంత చెల్లించాలని ఒప్పందంలో రాసి ఉంది. దూరాలు తిరగడానికి తీసుకున్న బండిని దూరం తిప్పకూడదన్న ఆ షరతు చదివినప్పుడే నాకు యాత్ర తత్త్వం లీలగా బోధపడింది. ఇంజను వెనుక ఉంటుంది కాబట్టి సామాను ముందు మూత కింద సర్దుకోవాలి. ఫ్రాన్సు చట్టం ప్రకారం వెంట ఉండి తీరవలసిన ఎర్ర త్రికోణాన్ని, మెరిసే జాకెట్లను, మా ఇద్దరి బట్టల సంచులను అందులో కుక్కిన తరువాత ఆవకాయ సీసాకు చోటు చాలలేదు. అది మొనాకో దాకా నా ఒడిలో ప్రయాణించింది. అక్కయ్య ఆ సీటులో ఒకే ఒకసారి కూర్చుని, లేవడానికి ఇద్దరి సాయం అవసరమయ్యాక, పెద్ద పెట్టెలన్నీ తీసుకుని విమానంలో మొనాకో పక్కనే ఉన్న నీస్‌కు వెళ్లిపోయింది. "మీరు వచ్చేదాకా సముద్రం చూస్తుంటాను, తొందరేం లేదు" అన్నది. ఆ చివరి మాటను బావగారు శాసనంగా తీసుకున్నారు.

యాత్రలో మొదటి 50 కిలోమీటర్లు కారు రైలెక్కి వెళ్లింది. ఇంగ్లండు తీరాన ఉన్న ఫోక్‌స్టన్‌లో బండిని రైలు పెట్టెలోకి ఎక్కించి, బ్రేకు వేసి, ఇంజను ఆపి కూర్చుంటే 35 నిమిషాల్లో సముద్రం అడుగు నుంచి ఫ్రాన్సు ఒడ్డున ఉన్న కలే పట్టణానికి చేరుస్తారు. ఆ రైలు గంటకు 140 కిలోమీటర్ల దాకా పోతుంది. బయట ఫ్రాన్సు రహదారి మీద చట్టం ఒప్పుకునే గరిష్ఠ వేగం 130. అంటే మా కారు ఆ దేశం వైపు అంత జోరుగా పోయింది ఇంజను ఆపి ఉన్నప్పుడేనని పాఠకులు గమనించాలి.

ఫ్రాన్సులో నాకు ఒక ఉద్యోగం దొరికింది. ఇంగ్లండు కారుకు స్టీరింగ్ కుడివైపు, ఫ్రాన్సు టోల్ గేటులో చీటీ ఇచ్చే యంత్రం ఎడమవైపు. కనుక డబ్బు కట్టే భారం సహజంగానే ఎడమ సీటులోని బావమరిది మీద పడుతుంది. ఆ యంత్రాన్ని మామూలు కార్ల ఎత్తుకు, లారీల ఎత్తుకు అమర్చారే గాని, నేలకు జానెడు ఎత్తున పడుకుని వచ్చే మనిషిని ఎవరూ ఊహించలేదు. నేను చెయ్యి చాపితే యంత్రం నడుము తగిలింది. తలుపు తీద్దామంటే పక్కన సిమెంటు గట్టు. చివరకు బెల్టు విప్పి, ఆవకాయ సీసాను బావగారి చేతికిచ్చి, మోకాళ్ల మీద లేచి, నడుము దాకా కిటికీలోంచి బయటికి వచ్చి, కార్డు నోట కరుచుకుని, రెండు చేతులతో యంత్రాన్ని పట్టుకున్నాను. వెనుక వ్యానులోని పిల్లలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "వాళ్లు కారును మెచ్చుకుంటున్నారు" అన్నారు బావగారు గంభీరంగా.

ఇక జర్మనీ. వేగపరిమితి లేని రహదారుల దేశమని పేరు పొందింది. 130 మించవద్దని 1978 నుంచి సలహా మాత్రం ఉంది. చెక్ దేశపు కోటీశ్వరుడొకాయన 2021లో బెర్లిన్, హానోవర్‌ల మధ్య బుగాటీ కంపెనీ కారు షిరాన్‌ను గంటకు 417 కిలోమీటర్ల వేగంతో నడిపితే ప్రాసిక్యూటర్లు విచారించి కేసు లేదని వదిలేశారు. (ఆ కంపెనీదే వేరాన్ అనే పాత మోడలు పూర్తి వేగంతో పోతే 100 లీటర్ల ట్యాంకు సుమారు 12 నిమిషాల్లో ఖాళీ అవుతుంది. కాబట్టి అదైనా ఎక్కువ కాలం గడిపేది పెట్రోలు బంకులోనే.) బావగారు ఈ దేశం కోసమే ఆరు నెలలుగా వ్యాయామం చేస్తున్నారు. కార్ల్స్‌రూహె దాటాక పరిమితి ఎత్తివేసే తెల్లటి గుండ్రని బోర్డు కనిపించింది. ఆయన కళ్లజోడు సరిచేసుకున్నారు. ఇంజను ఒక్కసారి గర్జించింది, నా వీపు సీటుకు అతుక్కుంది, మరుక్షణంలో రోడ్డు పనుల బోర్డు వచ్చింది. అటువంటి చోట్ల, దాటిపోయేవారు వాడే ఎడమ వరుసను ఇరుకు చేసి, అద్దాలతో కలిపి 2 మీటర్లో, 2.1 మీటర్లో దాటిన వెడల్పు బండ్లు అందులోకి రాకూడదంటారు. మా కారు అంతకంటే వెడల్పు. చిన్నచిన్న కుటుంబాల కార్లు, వాటి పైకప్పుల మీద సైకిళ్లు, వెనుక అద్దాల్లో కుక్కలు, అన్నీ ఎడమవైపు నుంచి దాటిపోతుండగా మేము కుడి వరుసలో, గంటకు 80 దాటని లారీల మధ్య, ఒక బంగాళాదుంపల లారీ వెనుక ప్రశాంతంగా సాగిపోయాము. బావగారు ఆ లారీ నంబరు ఇప్పటికీ అప్పచెప్పగలరు.

స్విట్జర్లాండులో 120 దాటకూడదు. అక్కడి ధర్మనిష్ఠను నేను మనసారా ప్రశంసిస్తున్నాను. తీవ్రమైన తప్పులకు జరిమానాను మనిషి ఆర్థిక స్థితిని చూసి లెక్కకడతారు. 2010లో సాంక్ట్ గాలెన్ ప్రాంతంలో ఒక ఊళ్లోంచి ఎర్ర ఫెరారీలో దూసుకుపోయిన సంపన్నుడికి సుమారు 3 లక్షల ఫ్రాంకులు వేశారు. ధనవంతుడి ధనాన్ని ప్రభుత్వం అంత శ్రద్ధగా గుర్తించి, రసీదు కూడా ఇచ్చే దేశాలు ఎన్ని ఉన్నాయి? ఆస్ట్రియా మరో అడుగు ముందుకు వేసింది. 2024 మార్చి నుంచి అక్కడ మితిమీరి తోలినవారి కారునే జప్తు చేసి వేలం వేయవచ్చు. కారు మరొకరిదైతే, ఆ కారును జన్మలో మళ్లీ ముట్టకూడదని నిషేధిస్తారు. ఇది చదివి వినిపించాక బావగారు ఆస్ట్రియా అంతటా పెళ్లి ఊరేగింపు వేగాన్ని పాటించారు.

ఇటలీలోకి దిగి, స్టెల్వియో కనుమ ఎక్కాము. 1820ల తొలి సగంలో ఆస్ట్రియా సామ్రాజ్యం వేయించిన దారి అది. శిఖరం 2,757 మీటర్లు, కింద ఉన్న ప్రాతో ఊరి వైపు నుంచి 48 మెలికలు. కారు ప్రకటనల్లో ఈ దారి ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. మేము వెళ్లిన రోజు మాత్రం ముందు ఒక బస్సు, దాని ముందు లోపల ఇల్లులా అమర్చుకున్న రెండు వ్యానులు ఉన్నాయి. ప్రతి మెలికలో బస్సు ఆగి, ఎదుటి బండి వెనక్కి తగ్గి, అందరూ ఒకరికొకరు చెయ్యి ఊపుకుని, ఆ తరువాత కదలాలి. ఎర్ర టోపీ పెట్టుకున్న ముసలాయన ఒకరు సైకిలు తొక్కుకుంటూ మా కిటికీ పక్కగా వెళ్లారు. తరువాతి సూటి దారిలో మేము ఆయనను దాటాము, పై మెలికలో ఆయన మమ్మల్ని దాటారు. ఐదారు సార్లు ఇలా జరిగాక మా మధ్య పలకరింపులు మొదలయ్యాయి. శిఖరం మీద మేము పార్కింగుకు చోటు వెతుక్కునేసరికి ఆయన సాసేజి తినడం ముగించి చెయ్యి తుడుచుకుంటున్నారు.

సూపర్ కారుకు అసలైన పని ఉన్నది ఇటలీ పోలీసులకే. 2020లో వారి లంబోర్గీని ఒకటి పాడువా నుంచి రోమ్‌కు, 489 కిలోమీటర్లు సుమారు 2 గంటల్లో పోయి, మార్పిడికి కావలసిన మూత్రపిండాన్ని అందించింది. మా ఆవకాయకు ఆ ప్రాధాన్యం ఎవరూ ఇవ్వలేదు. అయితే అదే పోలీసుల మరో లంబోర్గీని 2009లో పెట్రోలు బంకులోంచి అడ్డం వచ్చిన కారును తప్పించబోయి నుజ్జయింది కాబట్టి, అంత పని ఉన్నవారికి కూడా నిదానం అవసరమేనని నేను వినయంగా సూచిస్తున్నాను.

మొనాకో రెండు చదరపు కిలోమీటర్ల దేశం. కాసినో ముందు గంటకు పది కిలోమీటర్ల వేగంతో తిరగడమే అక్కడ యాత్రాఫలం. ఫోన్లు పట్టుకున్న కుర్రాళ్లు మా వైపు పరుగెత్తుకు వచ్చి, పక్కకు తప్పుకోమని సైగ చేసి, మా వెనుక వస్తున్న దాన్ని ఫొటో తీసుకున్నారు. అక్కయ్య రోడ్డు పక్క నిలబడి, మూడు రోజులుగా చూస్తున్న సముద్రాన్ని మరికొంచెం చూసి, ఆవకాయ సీసా ఇమ్మని చెయ్యి చాపింది.

నాలుగు నెలల తరువాత లండన్ చిరునామాకు ఇటలీ నుంచి అతివేగపు నోటీసు వచ్చింది. ఇన్నాళ్లకు తన సామర్థ్యానికి ప్రభుత్వ ముద్ర పడిందని బావగారు కవరును కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించి, కళ్లజోడు పెట్టుకుని చదివారు. పరిమితి 50, మా వేగం 57. కాసేపు మౌనంగా ఉండి, నాకు ఫోను చేసి, "జరిమానా కట్టేశాను గాని, అంకె మాత్రం నువ్వు ఎక్కడా రాయకు" అన్నారు.