హింస 1938లో మొదలు కాలేదు
జర్మనీలో యూదులపై రాజ్యహింస 1938 నవంబరు 9 రాత్రి ప్రార్థనా మందిరాల దహనంతోనే మొదలైందన్న వ్యాసకర్త మాటతో ఏకీభవించలేను. హిట్లర్ ఛాన్సలర్ అయిన రెండు నెలలకే, 1933 ఏప్రిల్ 1న, యూదుల దుకాణాల బహిష్కరణ జరిగింది. అదే నెల 7న వచ్చిన ఉద్యోగుల చట్టం యూదులను ప్రభుత్వ కొలువుల నుంచి తొలగించింది. తాతలు, అమ్మమ్మ, నానమ్మలలో ఏ ఒక్కరు యూదులైనా ఉద్యోగి ‘ఆర్యుడు’ కాడని నాలుగు రోజుల తరువాత వచ్చిన నిబంధన తేల్చింది. అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ పట్టుబట్టడం వల్ల మొదటి ప్రపంచయుద్ధంలో ముందు వరుసలో పోరాడినవారికి, ఆ యుద్ధంలో తండ్రినో కొడుకునో పోగొట్టుకున్నవారికి మినహాయింపు దొరికింది. ఈ మినహాయింపే చాలామందిని ‘ఇంతకంటే దిగజారదులే’ అన్న భ్రమలో ఉంచిందని నా అభిప్రాయం. హిండెన్‌బర్గ్ 1934లో మరణించాడు; మరుసటి ఏడు న్యూరెంబర్గ్ చట్టాలు యూదుల పౌరసత్వాన్నే తీసివేయడంతో, మిగిలిన ఆ ఉద్యోగులు కూడా 1935 చివరికల్లా ఇంటిదారి పట్టారు. వ్యాసం చెప్పిన ఆ నవంబరు దాడిలో సైతం అసలు రాజ్యం కనిపించేది మంటల్లో కాదు, తరువాతి ఉత్తర్వుల్లో: నష్టపోయిన యూదుల మీదనే వంద కోట్ల మార్కుల జరిమానా వేసి, వారికి రావలసిన బీమా సొమ్మును కూడా ప్రభుత్వమే జప్తు చేసుకుంది.